శవం గారి బస్సు స్టాపు

తొమ్మిదో భాగం

పోయిన వారం కైన్‌వెన్‌ను చాపెల్ హాలు గుమ్మంలో, నీళ్ళు కారుతున్న గొడుగుతో నిలబెట్టి వదిలేశాం. పాపం, వారం రోజులుగా ఆవిడ అక్కడే నిలబడి ఉంది. లోపలికి పిలిచేలోగా, మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు మాటలు. రీడ్‌బ్రాన్ అనే ఈ ఊరికి ఉన్నది ఒకే ఒక్క బస్సు, అరవై ఒకటో నంబరు. మంగళవారం, శుక్రవారం ఉదయం పది గంటల పది నిమిషాలకు ఊళ్ళో బయలుదేరి, పక్క ఊరు గెల్లీవెన్ మీదుగా ట్రెవేలిన్ పట్నం వెళ్ళి, మధ్యాహ్నం అందర్నీ తిరిగి తెచ్చి దించుతుంది. ఆ బస్సు ఈ నెలాఖరు నుంచి రీడ్‌బ్రాన్ దాకా రాదని, గెల్లీవెన్‌లోనే వెనక్కి తిరిగిపోతుందని కౌంటీ ఆఫీసు ఉత్తరం రాసింది. ఆ సంగతేమిటో అడగడానికి బుధవారం మధ్యాహ్నం ఊరు ఊరంతా చాపెల్ హాల్లో చేరింది.

బస్సు పోతే కొందరికి సంత పోతుంది, కొందరికి క్షవరం పోతుంది. కైన్‌వెన్‌కు మొగుడే పోతాడు. ఆవిడ భర్త ఇద్వాల్ ముప్పై ఒక్క ఏళ్ళు అదే బస్సు నడిపినవాడు. మతిమరుపు ముదిరి రెండేళ్ళుగా ట్రెవేలిన్‌లో పెద్దవాళ్ళను చూసుకునే హోమ్‌లో ఉంటున్నాడు. పెళ్ళాం పేరు ఒక్కోసారి గుర్తుండదు. కానీ కిటికీకి ఎదురుగా బస్టాండులోకి అరవై ఒకటి వచ్చి ఆగగానే గడియారం చూసి, "నాలుగు నిమిషాలు లేటు" అంటాడు. ఆ మాట వినడానికి ఆవిడ వారానికి రెండుసార్లు వెళుతుంది. చూపు సరిగా ఆనక కారు ఎప్పుడో అమ్మేసింది, లైసెన్సు కూడా వెనక్కి ఇచ్చేసింది. పద్నాలుగు మైళ్ళు నడిచే వయసు కాదు.

ఇంకొక్క ముక్క చెప్పి లోపలికి వెళదాం. రీడ్‌బ్రాన్‌లో సగం మంది ఇంటిపేరు పారీయే కావడంతో, మనిషి చేసే పనినే పేరు ముందు తగిలించి పిలుస్తారు. టపా పంచిన మోర్లైస్ రిటైరై పదేళ్ళయినా పోస్టు మోర్లైసే. ముప్పై ఏళ్ళు స్కూలు పిల్లలకు వండిపెట్టిన కైన్‌వెన్ బడివంట కైన్‌వెన్. మూడేళ్ళ క్రితం టీవీవాళ్ళు వచ్చి, ఊరికి అబెర్‌డీ అని కొత్త పేరు పెట్టి, హత్యల సీరియల్ తీశారు. అందులో మొదటి శవం కైన్‌వెన్‌దే. తలకు ఎర్ర రుమాలు కట్టుకుని రెండున్నర రోజులు ఒక బెంచీ మీద ఊపిరి బిగబట్టి కూర్చుంది. సీరియల్ పదకొండు దేశాల్లో ఆడింది. ముప్పై ఏళ్ళ వంట ఒక్క దెబ్బతో కొట్టుకుపోయి, ఆవిడ శవం కైన్‌వెన్ అయిపోయింది.

"రామ్మా శవం, తలుపేసుకుని రా, చలి" అన్నాడు మోర్లైస్ వేదిక మీద నుంచి. ఊరి కమిటీకి ఆయనే అధ్యక్షుడు. ఉత్తరాలు లేకపోయేసరికి ఇప్పుడు ఉపన్యాసాలు పంచుతున్నాడు.

కైన్‌వెన్ గొడుగు ముడిచి రెండో వరుసలో కూర్చుంది. కౌంటీ రవాణా ఆఫీసరు బెడో ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో, మనిషి మర్యాదస్తుడు, బూట్లు పూర్తిగా తడిసిపోయాయి. దారిలో ముగ్గురిని ఆపి రీడ్‌బ్రాన్ ఎక్కడని అడిగాడట. ముగ్గురూ సీరియల్ చూసి వచ్చిన టూరిస్టులే. అలాంటి ఊరే లేదని, ఇది అబెర్‌డీ అని గట్టిగా చెప్పి పంపారట.

బెడో ప్రొజెక్టరుతో గోడ మీద లెక్కల బొమ్మ వేశాడు. గెల్లీవెన్ అన్న పేరు మీద నీలం గీత ఒకటి నిటారుగా లేచింది. రీడ్‌బ్రాన్ అన్న పేరు మీద తెల్లగోడ తప్ప ఏమీ లేదు.

"మా గీత ఏదండీ?" అని మోర్లైస్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"అదేనండీ. లేదు."

"చిన్నదా?"

"సున్నా అండీ. మూడేళ్ళుగా మీ స్టాపులో బస్సెక్కినవాళ్ళు సున్నా. బస్సులో టిక్కెట్ల మిషన్ లెక్క ఇది, నేను రాసింది కాదు."

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. మోర్లైస్ అందర్నీ చేత్తో ఊరుకోబెట్టి గొంతు సవరించుకున్నాడు. "చూడండి బెడో గారూ, మాది మామూలు ఊరు కాదు. పదకొండు దేశాల్లో కనపడిన ఊరు. డెన్మార్క్ నుంచి మనుషులొచ్చి మా గోడలకు ఫొటోలు తీసుకుంటున్నారు. మొన్న ఒకాయన మా ఇంటి చెత్తడబ్బాకి కూడా తీసుకున్నాడు. ఇట్లాంటి ఊరికి బస్సు లేదంటే చిన్నతనం మాకు కాదు, మీకు."

"వాళ్ళంతా దేంట్లో వస్తున్నారండీ?"

"కార్లలో."

"అదేనండీ మరి" అన్నాడు బెడో వినయంగా.

మోర్లైస్ మళ్ళీ కళ్ళద్దాలు తుడవడం మొదలుపెట్టాడు. ఆ సందులో కైన్‌వెన్ లేచి నిలబడింది. సభల్లో మాట్లాడిన మనిషి కాదు, ముందు కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"బెడో గారూ, నేను నిన్న బస్సెక్కాను. పోయిన శుక్రవారం ఎక్కాను. అంతకుముందు మంగళవారం జ్వరంతో ఎక్కాను. మీ సున్నాలో నేనెక్కడున్నాను?"

"రికార్డులో లేరండీ, మిసెస్ పారీ."

"నన్ను చూస్తే లేనట్టుందా?"

"ఆవిడ పోయి మూడేళ్ళయిందిగా, లెక్కలోకి ఎట్టా వస్తుంది" అన్నారెవరో వెనక నుంచి. హాలంతా గొల్లుమంది. ఇలాంటివాటికి కైన్‌వెన్ మామూలుగా అందరికంటే ముందు నవ్వుతుంది. ఇవాళ మాత్రం ఆవిడకు ఒళ్ళు మండింది. బతికున్న మనిషి వారానికి రెండుసార్లు పద్నాలుగు మైళ్ళు వెళ్ళి వస్తుంటే, ఎవరూ వెళ్ళలేదని గోడమీద బొమ్మ వేసి చూపిస్తారా.

మొదటి వరుసలో గెల్లీవెన్ డిలిస్ అల్లిక అల్లుకుంటూ కూర్చుంది. ఆవిడ ఈ ఊరి మనిషి కాదు. రీడ్‌బ్రాన్‌కు బస్సు పోతోందని తెలిసి, చావింటికి తెచ్చినట్టు ఒక పెద్ద బారా బ్రిత్ చేసి తెచ్చింది. టీలో నానిన ఎండుద్రాక్షల రొట్టె, పైన వెన్న. రీడ్‌బ్రాన్ నుంచి మిగిలే బస్సును శనివారం గెల్లీవెన్‌కు అదనంగా వేస్తారన్న సంగతి కూడా ఆవిడే వచ్చీరాగానే బాధపడుతూ అందరికీ చెప్పింది.

"ఆ నీలం గీత మాదేనా నాయనా?" అంది డిలిస్ సూదులు ఆపకుండా.

"మీదేనండీ. ట్రిప్పుకి పంతొమ్మిది మంది. కౌంటీలోనే చాలా మంచి లెక్క."

సూదులు ఆగాయి.

"పంతొమ్మిదా? మా స్టాపులో ఎక్కేది నేను, మా చెల్లి, మా కుక్క. కుక్కకి పాసు లేదు."

ఈ మాట ఆవిడ నిజాయితీ కొద్దీ అనేసింది. అనేశాక తన శనివారం బస్సు గుర్తొచ్చి పెదవి కొరుక్కుంది.

"మరి మిగతా పదిహేడు మంది ఎవరండీ?" అన్నాడు బెడో.

కైన్‌వెన్ అప్పటికే వేళ్ళు మడుస్తోంది. తను, ఎదురింటి కవలలు, మోకాలి నొప్పికి మందు తెచ్చుకునే చాపెల్ పాదిరి, మంగళవారం మంగళవారం జుట్టు వేయించుకునే నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళకి తోడంటూ వెళ్ళి పబ్బులో కూర్చునే నలుగురు మగవాళ్ళు, ఆపైన ఇంకో అయిదుగురు. చేతివేళ్ళు చాలక పక్కామె వేళ్ళు కూడా వాడుకుంది. సరిగ్గా పదిహేడు.

"మేమే" అంది కైన్‌వెన్. "ఆ గీత మాది."

అందరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు. గోడకు ఆనుకుని అరవై ఒకటి డ్రైవరు గెథిన్ నిలబడి ఉన్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళవాడు. ఇవాళ బస్సు లేని రోజు గనక, బండిని ట్రెవేలిన్ బస్టాండులోనే వదిలి తన చిన్న కారులో వచ్చాడు. డిలిస్ తెచ్చిన రొట్టెలో మూడో ముక్క నోట్లో ఉంది.

"గెథిన్, ఇలా రా నాన్నా. నమిలి మింగి చెప్పు. మమ్మల్ని గెల్లీవెన్ వాళ్ళుగా ఎందుకు రాస్తున్నావు?"

"నేనేం రాయను ఆంటీ. ఆ మిషన్ మీద నేను చెయ్యి కూడా పెట్టను. వంతెన దాటేటప్పటికి అదే మారిపోద్ది. ఏరు ఇవతల రీడ్‌బ్రాన్, అవతల గెల్లీవెన్. మీరేమో అవతల ఎక్కుతారు."

"అవతల అంటే ఎక్కడ?" అన్నాడు బెడో.

"షెల్టర్లోనండీ. టీవీ షెల్టర్."

బెడోకు అర్థం కాలేదు. పదిమంది కలిసి ఒకేసారి చెప్పడంతో అసలే అర్థం కాలేదు. చివరికి కైన్‌వెన్ విడమరిచి చెప్పింది. అసలు స్టాపు చాపెల్ ఎదురుగా ఒక ఇనప స్తంభం. పైన కప్పు లేదు, పక్కన గోడ లేదు, సముద్రం మీద నుంచి వచ్చే వాన అడ్డంగా వచ్చి నేరుగా మొహానికే కొడుతుంది. సీరియల్ తీసినప్పుడు టీవీవాళ్ళు, వెలుతురు బాగుందని వంతెనకు అవతలి పక్క ఒక షెల్టర్ కట్టారు. చెక్క మీద రాయిలా కనబడే రంగు వేసి, అబెర్‌డీ అని పెద్ద బోర్డు పెట్టారు. శవం దొరికింది అందులోనే. గోడలు ఉత్తుత్తివే గానీ కప్పు మాత్రం గట్టిది, బెంచీ కూడా ఉంది. షూటింగ్ అయ్యాక మళ్ళీ వస్తామంటూ దాన్ని అలాగే ఉంచేసి వెళ్ళారు. ఊరివాళ్ళు నలభై అడుగులు నడిచి వంతెన దాటి అందులో కూర్చోవడం మొదలుపెట్టారు. బస్సు ఇనప స్తంభం దగ్గర ఖాళీగా బయలుదేరి, వంతెన దాటి, షెల్టర్ దగ్గర ఆగి పదిహేడు మందిని ఎక్కించుకుంటుంది. అందరివీ ముసలివాళ్ళ ఉచిత పాసులే. మిషన్‌కు ఆనిస్తే కీచుమంటుంది, కాగితం రాదు. కాబట్టి ఎవరు ఏ ఊరివాళ్ళుగా ఎక్కుతున్నారో మూడేళ్ళుగా ఎవరికీ తెలియలేదు.

"కానీ అక్కడ మాకు స్టాపు లేదే" అన్నాడు బెడో.

"స్టాపు లేదండీ. బస్సు ఆగుద్ది, అంతే" అన్నాడు గెథిన్.

"అంటే మీరందరూ మూడేళ్ళుగా, లేని ఊళ్ళో, లేని స్టాపులో బస్సెక్కుతున్నారు."

"వాన మాత్రం ఉన్నదేనండీ" అన్నాడు పాదిరి.

ఈసారి బెడో కూడా నవ్వాడు. హాల్లో కాసేపు ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. నేను అప్పుడే అనుకున్నానని నలుగురు అన్నారు. అనుకుంటే అప్పుడే చెప్పి ఏడవచ్చుగా అని వాళ్ళ పెళ్ళాలు అన్నారు. డిలిస్ రొట్టె పళ్ళాన్ని జానెడు తనవైపు లాక్కుంది.

మోర్లైస్‌కు మాత్రం నవ్వు రాలేదు. ఊరికి నష్టం జరిగితే దానికి ఒక బాధ్యుడు ఉండాలని, అతని మీద ఒక తీర్మానం ఉండాలని ఆయన నమ్మకం. "అసలు దీన్ని మొదలెట్టిందెవరు? స్టాపు కానిచోట బస్సు ఆపమని ఎవరు చెప్పారు? బెడో గారూ, మీ మిషన్‌లో ఉంటుంది చూడండి. మొట్టమొదట ఆపినవాడెవడో వాడి మీద ఇప్పుడే కంప్లెయింట్ రాస్తాను." జేబులోంచి పెన్ను కూడా తీశాడు.

"పోనీలెండి మోర్లైస్ అంకుల్, ఇప్పుడవన్నీ ఎందుకు" అన్నాడు గెథిన్ గబుక్కున.

బెడో అప్పటికే వెతుకుతున్నాడు. "గెల్లీవెన్ లెక్క రెండు నుంచి మూడైన రోజు... ఇదిగో. మూడేళ్ళ కిందట, మార్చి పద్నాలుగు, మంగళవారం. ఒక్క మనిషి ఎక్కారు. డ్రైవర్ నంబరు ఇరవై మూడు."

గెథిన్ నేలకేసి చూశాడు. కైన్‌వెన్ మళ్ళీ కుర్చీ వీపు పట్టుకుంది. ఇరవై మూడు అంకె ఉన్న ఇత్తడి బిళ్ళను ప్రతి ఆదివారం సాయంత్రం నిమ్మచెక్కతో తోమింది ఆవిడే.

ఆ మంగళవారం ఆవిడకు బాగా గుర్తుంది. పట్నంలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. గాలికి గొడుగు తిరగబడింది. స్తంభం దగ్గర నిలబడలేక వంతెన దాటి పరిగెత్తి, తను చచ్చిన బెంచీ మీదే కూర్చుంది. ఎదురుగా బస్సు వచ్చింది. తనను దాటి పోతుందనుకుంది, ఎందుకంటే ఇద్వాల్ ముప్పై ఏళ్ళలో స్టాపు కానిచోట ఒక్కసారి కూడా ఆపలేదు, కన్నతల్లి చెయ్యెత్తితే కూడా ఆపలేదు. ఆరోజు ఆపాడు. తలుపు తీసి, ముక్కూమొహం తెలియని మనిషితో మాట్లాడినట్టు, "ఇక్కడ స్టాపు లేదండీ. కానీ శవాన్ని వానలో వదిలేసి పోవడం మర్యాద కాదు, ఎక్కండి" అన్నాడు. బస్సులో అందరూ నవ్వారు. శుక్రవారానికి ఆ బెంచీ మీద ముగ్గురు కూర్చుని ఉన్నారు. వేసవికల్లా స్తంభం దగ్గర మనిషి లేడు.

ఇద్వాల్‌కు మతిమరుపు అప్పటికే మొదలైందని డాక్టర్లు తరవాత చెప్పారు. స్టాపు కానిచోట ఆపడం కూడా దాని వల్లేనేమోనని ఒక్కోసారి ఆవిడకు అనుమానం వచ్చేది. ఆ ఊహ వచ్చిన ప్రతిసారీ దాన్ని గట్టిగా నెట్టేసేది. అది ఆయన తెలిసి చేసిన పనే అయి ఉండాలి. అలా కాకపోతే ఆవిడ తట్టుకోలేదు.

"ఆ నంబరు మా ఆయనది" అంది కైన్‌వెన్. "నేను తడుస్తున్నానని ఆపాడు. మోర్లైస్, ఆయన పేరు రాస్తే కింద నా పేరు కూడా రాయి. ఎక్కింది నేను."

ఆవిడ అంతటితో ఆగలేదు. "ఆయన నాకోసం చేసిన ఆ ఒక్క పని వల్ల ఇప్పుడు నేను ఆయన్ని చూడ్డానికి పోలేకపోతే, ఆ సంగతి ఆయనకి ఎట్టా చెప్పేది బెడో గారూ? చెప్పినా మరిచిపోతాడు. వారానికి రెండుసార్లు కొత్తగా చెప్పాలి."

మోర్లైస్ పెన్ను రెండుసార్లు విదిలించి చూసి, "రాయట్లేదులే" అని జేబులో పెట్టుకున్నాడు. పెన్నులో సిరా నిండుగా ఉందని అందరికీ కనబడుతూనే ఉంది.

బెడో తన రూళ్ళ పుస్తకం బయటికి తీసి చాలాసేపు తిరగేశాడు. పాత లెక్క దిద్దడానికి ఆయనకు అధికారం లేదు. ఉత్తర్వు మీద శుక్రవారం సాయంత్రం అయిదింటికి సంతకం అవుతుంది. అయితే సంతకం కాకముందు ఒక్కసారి కొత్తగా లెక్కపెట్టుకోవచ్చని ఒక రూలు ఉంది. అసలు స్టాపు దగ్గర, అంటే ఆ ఇనప స్తంభం దగ్గర, ఒక ట్రిప్పుకి కనీసం పదిమంది ఎక్కితే బస్సు ఉంటుంది. "శుక్రవారం పది గంటల పది నిమిషాలకి నేనే స్వయంగా వచ్చి నిలబడతాను" అన్నాడు.

"పదేంటండీ, నలభై మందిమి వస్తాం. అవసరమైతే రెండుసార్లు ఎక్కుతాం" అన్నాడు మోర్లైస్.

టీ నీళ్ళు పెట్టమని ఎవరో అన్నారు. అప్పుడు హాలు చివర, మెడలో మూడు గుర్తింపు కార్డులు వేసుకున్న ఒకావిడ చెయ్యెత్తింది. టీవీవాళ్ళ తరఫున షూటింగ్ ఏర్పాట్లు చూసే ఫ్లోరా.

"క్షమించండి. శుక్రవారం ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా వంతెన మూసేస్తున్నాం. షూటింగ్ ఉంది. ఏ బండీ ఇటు రాదు, అటు పోదు. కౌంటీవాళ్ళే అనుమతి ఇచ్చారు."

అందరూ బెడో వైపు చూశారు. "రోడ్ల సెక్షన్ పై అంతస్తండీ. మేం కింద" అన్నాడు బెడో నీరసంగా.

"మా ఊరి తరఫున ఒప్పుకున్నదెవరు?" అంది కైన్‌వెన్. జేబులో పెట్టిన పెన్నును మోర్లైస్ మళ్ళీ తీసి దీక్షగా పరీక్షించసాగాడు.

"వేరే రోజు పెట్టుకోండమ్మా" అన్నాడు పాదిరి.

"కుదరదండీ. మా హీరో శనివారం వెళ్ళిపోతున్నాడు. ఇక్కడ కాకపోతే ఇంకో లోయ చూసుకోమని మా పైవాళ్ళన్నారు, ఇక సీరియల్ అక్కడే తీస్తారు. ఊరంతా ఉండాల్సిన సీను. నలభై మంది పేర్లూ ఇచ్చారు కదా." ఫ్లోరా కైన్‌వెన్ వైపు చూసి కొంచెం ఇబ్బందిగా నవ్వింది. "మీ అంత్యక్రియలేనండీ, పాత కథలోకి వెనక్కి వెళ్ళే సీను. శవపేటిక మూత ఒక్కసారి తీస్తాం, కాబట్టి మీరు కూడా తప్పకుండా ఉండాలి."

హాలు అక్కడికక్కడే రెండు ముక్కలైంది. టూరిస్టులకు టీ, రొట్టెలు అమ్ముకునేవాళ్ళు సీరియల్ వైపు, పాసులున్నవాళ్ళు బస్సు వైపు. ఎదురింటి కవలలు మొదటిసారిగా చెరోవైపు చేరారు. చివరికి అందరి చూపులూ కైన్‌వెన్ మీదికే వచ్చాయి. బస్సూ ఆవిడదే, శవమూ ఆవిడదే.

కైన్‌వెన్ బెడో చేతిలోని పుస్తకం వైపు చూసింది. స్కూల్లో ఇద్దరికి సరిపడే కూరను డెబ్బై మందికి వడ్డించిన రోజులున్నాయి, అంత తేలిగ్గా చేతులెత్తేసే మనిషి కాదు.

"బెడో గారూ, ఆ రూలు ఇంకోసారి చదవండి. ఎక్కితే చాలని ఉందా, బస్సు కదలాలని కూడా ఉందా?"

బెడో చదివాడు. మళ్ళీ చదివాడు. "ఎక్కిన ప్రయాణికులు అని ఉందండీ. కదలడం గురించి... లేదు. రాసినవాళ్ళకి ఆ అనుమానం వచ్చి ఉండదు."

"గెథిన్, శుక్రవారం ఎనిమిదింటికి ముందే బండి తెచ్చి వంతెన ఇవతల పెడతావా?"

"పెడతా ఆంటీ. కాకపోతే సాయంత్రం దాకా ఇక్కడే ఇరుక్కుపోద్ది."

"ఇరుక్కోనీ. పదీ పదికి నలుపు బట్టల్లో అందరం ఎక్కుతాం, బెడో గారు లెక్కపెట్టుకుంటారు, దిగుతాం. తరవాత నన్ను పాతిపెట్టుకోండి. ఏమ్మా ఫ్లోరా, మీ కెమెరా ఎన్నింటికి?"

"పదకొండుకి. కానీ చావు సీనులో ఎర్ర బస్సు కనబడకూడదండీ."

"చాపెల్ వెనక దాస్తాడు."

మోర్లైస్ అందరికంటే ముందు చప్పట్లు కొట్టి, ఇది కమిటీ నిర్ణయం అని ప్రకటించాడు. డిలిస్ నిట్టూర్చి రొట్టె పళ్ళాన్ని మళ్ళీ మధ్యలోకి జరిపింది. అందరూ లేచి కప్పులు అందుకుంటున్నారు. కైన్‌వెన్ కూడా లేవబోయి ఆగిపోయింది. బస్సు ఇక్కడ ఇరుక్కుంటే, శుక్రవారం అది ట్రెవేలిన్ వెళ్ళదు. ఇద్వాల్ కిటికీ దగ్గర కూర్చుని ఉంటాడు. నాలుగు నిమిషాలు, నలభై నిమిషాలు, మధ్యాహ్నం దాకా.

లోయలో సెల్‌ఫోన్లు పలకవు. హాలు వంటగదిలో గోడకున్న ఫోన్ తీసి కైన్‌వెన్ హోమ్‌కు చేసింది. నర్సు ఇద్వాల్‌కు ఇచ్చింది.

"ఇద్వాల్, నేను కైన్‌వెన్‌ని."

"ఏ కైన్‌వెన్?"

"బడివంట కైన్‌వెన్."

"ఆ. చెప్పు."

"శుక్రవారం నాకోసం చూడకు. అరవై ఒకటి రాదు."

"రాదా?" గొంతు ఒక్కసారిగా పాత గొంతైంది. "అరవై ఒకటి రాకపోవడమేంటి. మంచు పడ్డప్పుడే వచ్చింది. డ్రైవరు లేడా?"

వంతెన, షూటింగ్, శవపేటిక, రూళ్ళ పుస్తకం అన్నీ ఆవిడ నాలుక చివరికి వచ్చాయి. ఇవన్నీ ఫోన్లో ఆయనకు చెబితే అయ్యే పని కాదనుకుంది. చిన్న అబద్ధంతో పోయేదానికి ఇంత ఎందుకనుకుంది.

"లేడు. డ్రైవరు లేడు."

"ఆ సంగతి ముందు చెప్పాలి కదా" అన్నాడు ఇద్వాల్ విసుగ్గా. రిసీవరు బల్ల మీద పెట్టిన చప్పుడు, చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు. బాత్రూమ్‌కి వెళ్ళాడేమోనని కైన్‌వెన్ ఓపిగ్గా నిలబడింది. వంటగది గుమ్మంలోకి గెథిన్ ఆవిడ కోసం టీ కప్పు పట్టుకుని వచ్చాడు.

రెండు నిమిషాల తరవాత నర్సు గొంతు వినబడింది. "మిసెస్ పారీ? ఆయన మీతో మాట్లాడుతున్నారు కదా అని నేను పక్కగదిలోకి వెళ్ళాను. ఇక్కడ లేరు. కోటు కూడా లేదు. గేటు తీసి ఉంది."

"కిటికీలోంచి చూడమ్మా. బస్టాండులో అరవై ఒకటి ఉందా?"

"ఉందండీ. అదిగో." నర్సు ఒక్క క్షణం ఆగింది. "లైట్లు వెలిగాయి."

కైన్‌వెన్ గెథిన్ వైపు తిరిగింది. ఆవిడ అడగకముందే వాడు టీ కప్పు పక్కన పెట్టేశాడు.

"బస్సు తాళం ఎప్పుడూ దాచేచోటే ఉంది ఆంటీ" అన్నాడు. "ఆ చోటు నాకు చూపించింది ఆయనే."